బ్లైత్‌బరో హోలీ ట్రినిటీ చర్చి

ఇంగ్లండ్ తూర్పు తీరాన సఫక్ కౌంటీలో ఉన్న చిన్న పల్లె బ్లైత్‌బరో. బ్లైత్ నది సముద్రంలో కలిసే చోటికి కొద్ది మైళ్ల ఎగువన, ఆటుపోట్లకు మునిగి తేలే పర్ర భూముల పక్కన, కాస్త మెరక మీద ఉంటుంది. ఊళ్లో జనం కొన్ని వందలకు మించరు. ఊరి చర్చి మాత్రం 120 అడుగులకు పైబడిన పొడవుతో పెద్ద పట్నానికి సరిపడేంత ఉంటుంది. ఏ12 రహదారి మీద వచ్చేవారికి ఊరి కంటే ముందు చర్చే కనబడుతుంది. అందుకే దానికి ‘పర్రల కతీడ్రల్’ అని పేరు పడింది. పేరుకే కతీడ్రల్. అక్కడ ఏనాడూ బిషప్పు పీఠం లేదు. ఈనాటికీ అది పారిష్ చర్చే. పరిశుద్ధ త్రిత్వం పేరిట కట్టినది కనుక హోలీ ట్రినిటీ చర్చి అయింది.

ఇంగ్లండులో మధ్యయుగపు పల్లె చర్చిలు వేల సంఖ్యలో మిగిలాయి. వాటిలో చాలావాటిని 19వ శతాబ్దంలో విక్టోరియా కాలపు వాస్తుశిల్పులు పైనుంచి కింది దాకా మార్చేశారు. పాత బల్లలు తీసి కొత్తవి వేశారు, గోడలు గీకారు, కిటికీలకు కొత్త రంగుటద్దాలు బిగించారు, నేలకు నున్నటి టైల్స్ పరిచారు. అందుకు కావలసిన సొమ్ము బ్లైత్‌బరోకు సకాలంలో సమకూడలేదు. కనుక 15వ శతాబ్దపు కలప, చెక్కడం, ఆనాటి రంగు కూడా అక్కడ ఇంకా చూడగలం. ఉన్నవాళ్లు కట్టిన చర్చిని లేనివాళ్లు మార్చలేకపోయారు. దాని చరిత్రలో సగం ఆ ఒక్క సంగతి మీదే నడిచింది.

రేవు, మఠం, ఊరు

బ్లైత్‌బరో పేరు 7వ శతాబ్దం నుంచే వినబడుతుంది. తూర్పు ఆంగ్లియా రాజు అన్నా, పక్కనే ఉన్న బల్‌క్యాంప్ దగ్గర 654 ప్రాంతంలో మెర్షియా రాజు పెండా చేతిలో యుద్ధంలో చనిపోయాడనీ, ఆయన్ను ఇక్కడే సమాధి చేశారనీ స్థానిక సంప్రదాయం. (పేరు చూసి రాణి అనుకోనక్కర్లేదు, ఆ కాలంలో అది మగవారి పేరు కూడా.) ఈలీ మఠాన్ని స్థాపించిన ఎథెల్‌డ్రెడా ఈయన కూతురే.

12వ శతాబ్దంలో ఎసెక్స్‌లోని సెయింట్ ఒసిత్ మఠానికి అనుబంధంగా బ్లైత్‌బరోలో అగస్టీనియన్ సన్యాసుల చిన్న మఠం ఒకటి వెలిసింది. ఊరి చర్చి ఆదాయం ఆ మఠానికే చేరేది. ఇక్కడ ఒక పాత కట్టడి తెలుసుకోవాలి. చర్చిలో పాదిరి ఆరాధన జరిపే తూర్పు భాగం బాగోగులు చర్చి ఆదాయం అనుభవించేవారివి. జనం కూడే పడమటి భాగం మరమ్మతు ఊరివారిది. అంటే ఒకే కప్పు కింద ఇద్దరు యజమానులు. అందుకే చాలా ఊళ్లలో ఒక భాగం ఘనంగా, రెండోది సాదాసీదాగా కనిపిస్తుంది. బ్లైత్‌బరోలో ఆ తేడా లేదు. 1412లో మఠం రాజానుమతి పొంది కొత్త చర్చి పని మొదలుపెట్టింది. ఊరూ మఠమూ కలిసి 1480 ప్రాంతానికి దాన్ని పూర్తి చేశాయి. 14వ శతాబ్దపు పాత టవరును మాత్రం అలాగే ఉంచేశారు. సున్నితమైన కొత్త కట్టడం పక్కన ఆ టవరు మొరటుగా, కొంచెం వరస తప్పినట్టుగా కనబడడానికి అదే కారణం.

అప్పట్లో బ్లైత్‌బరో రేవు పట్నం. నదిలోకి ఓడలు వచ్చేవి, సంత జరిగేది, చేపల వ్యాపారం, ఉన్ని వ్యాపారం సాగేవి. చుట్టుపక్కల సౌత్‌వోల్డ్, వాల్బర్స్‌విక్, కోవ్‌హైత్ ఊళ్లు కూడా అదే శతాబ్దంలో పోటాపోటీగా పెద్ద చర్చిలు కట్టుకున్నాయి. భక్తి ఒక కారణం, పక్క ఊరిని మించాలన్న పంతం ఇంకో కారణం. ఆనాటి విశ్వాసం ప్రకారం చనిపోయినవారి ఆత్మలు పాపశుద్ధి కోసం కొంతకాలం బాధపడాలి. బతికున్నవారి ప్రార్థనలు ఆ కాలాన్ని తగ్గిస్తాయి. కాబట్టి డబ్బున్నవారు వీలునామాల్లో చర్చికి ఒక కిటికీనో, ఒక బల్లల వరసనో రాసి, దానిమీద తమ ఆత్మకోసం ప్రార్థించమని చెక్కించేవారు. ఆ కాలపు చర్చి నిర్మాణానికి పెట్టుబడి చాలావరకు ఇలాగే సమకూరింది.

బయటి గోడలు

సఫక్‌లో కట్టడానికి మంచి రాయి దొరకదు. సుద్దనేలల్లో పుట్టే చెకుముకి రాళ్లే దిక్కు. అవి గుండ్రంగా, పిడికెడంత ఉంటాయి. మూలలు తిప్పడానికి పనికిరావు. గోడంతా చెకుముకి రాళ్లను సున్నంతో కలిపి పోసి, మూలలకూ కిటికీ చట్రాలకూ దూరం నుంచి పడవల మీద తెప్పించిన సున్నపురాయిని వాడేవారు. ఈ లేమిలోంచే ఆ ప్రాంతపు మేస్త్రీలు ఒక కళ పుట్టించారు. చెకుముకి రాయిని సుత్తితో చీల్చితే లోపలి ముఖం నల్లగా, గాజులా మెరుస్తుంది. ఆ ముఖాలను తెల్లని సున్నపురాయి చట్రాల మధ్య సమంగా పొదిగి అక్షరాలు, కమానులు, నక్షత్రాలు దిద్దారు. గోడమీద చెయ్యి పెట్టి రాస్తే రెండు రాళ్ల మధ్య ఎత్తుపల్లం తగలదు.

బ్లైత్‌బరోలో తూర్పు కిటికీ కింద ఇలా పొదిగిన పెద్ద అక్షరాల వరస ఒకటుంది. ఒక్కొక్క మాటకు మొదటి అక్షరమే ఉండడం వల్ల పండితులు రకరకాలుగా చదివారు. త్రిత్వం, మరియ, అన్న, కేథరిన్‌ల గౌరవార్థం తిరిగి కట్టినదని అందరూ మెచ్చిన పాఠం. దక్షిణపు పక్క గోడ పిట్టగోడకు రాతిలో జాలీ పని చేశారు. ఉత్తరం పక్క సాదాగా వదిలేశారు. దారి దక్షిణం వైపు ఉంది మరి. డబ్బు ఎక్కడ కనిపిస్తుందో అక్కడే పెట్టడం వారికీ తెలుసు. దక్షిణపు వాకిలి ముందు రెండంతస్తుల మండపం ఉంది. పై గది చిన్నది.

లోపలి అమరిక

ఆంగ్లికన్ పల్లె చర్చి సాధారణంగా తూర్పు పడమరలుగా ఉంటుంది. జనం కూర్చునే పొడవాటి భాగం నేవ్. దానికి అటూ ఇటూ స్తంభాల వరసలు, వాటికి అవతల తక్కువ ఎత్తు కప్పుతో పక్క నడవలు. తూర్పు చివర పాదిరి నిలిచే భాగం చాన్సెల్. అక్కడే ప్రభురాత్రి భోజనపు బల్ల ఉంటుంది. గుడిలో మహామండపానికీ గర్భగుడికీ ఉన్న తేడా లాంటిదే నేవ్, చాన్సెల్ తేడా. మధ్యయుగంలో ఈ రెంటికీ నడుమ చెక్క తెర ఒకటి, దానిపైన సిలువ వేయబడిన క్రీస్తు బొమ్మ ఉండేవి. తెలుగువారిలో సి.ఎస్.ఐ. చర్చిలు ఎరిగినవారికి ఈ అమరిక కొత్త కాదు. 1947లో ఆ సంఘంలో కలిసిన ఆంగ్లికన్లు దీన్ని వెంట తెచ్చుకున్నారు. అయితే అందరూ ఇంగ్లీషు పల్లె చర్చి రూపాన్నే అనుకరించలేదు. మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య దోర్నకల్‌లో కట్టించి 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కతీడ్రల్ గుమ్మటాలూ స్తంభాలూ దేశీ పద్ధతిలో కట్టినవి.

బ్లైత్‌బరోలో నేవ్‌కూ చాన్సెల్‌కూ మధ్య కమాను లేదు. పడమటి చివర నిలబడితే తూర్పు కిటికీ దాకా కప్పు ఒకే వరసన సాగుతుంది. పైన, స్తంభాల కమానులకు మీదుగా, రెండు పక్కలా కిటికీల వరస. ఒక్కొక్క పక్కన 18 కిటికీలు, నడుమ ఖాళీ గోడ అంటూ లేనంత దగ్గర దగ్గరగా. 14వ శతాబ్దం మధ్య నుంచి 16వ శతాబ్దం తొలినాళ్ల దాకా ఇంగ్లండులో సాగిన ‘పర్పెండిక్యులర్’ శైలి లక్షణమే ఇది. గోడను వీలైనంత తగ్గించడం, కిటికీని వీలైనంత పెంచడం, నిలువు గీతలకు పెద్దపీట వేయడం. కప్పు బరువును స్తంభాలూ, బయటి ఊతగోడలూ పంచుకోవడంతో మధ్య గోడకు మోసే పని తగ్గింది. కనుక గాజు పెట్టడానికి చోటు దొరికింది.

ఈనాడు ఈ చర్చిలోకి అడుగు పెట్టినవారు మొదట మెచ్చుకునేది వెలుగునే. ఏ అడ్డూ లేకుండా తెల్లటి కాంతి నేలదాకా దిగుతుంది. కట్టినవారు కోరుకున్నది ఈ వెలుగు కాదని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. వారి కాలంలో ఈ కిటికీల నిండా రంగుటద్దాలు ఉండేవి. సంతుల బొమ్మలు, దాతల పేర్లు, ఎరుపు నీలాల కాంతి. గోడలమీద చిత్రాలు ఉండేవి. నేడు రంగుటద్దాల్లో మిగిలినవి చెదురుమదురు ముక్కలే. మనం మెచ్చుకునే నిరాడంబరత ఎవరూ గీసిన నమూనా కాదు. నాలుగైదు శతాబ్దాల పగులగొట్టుడు, గాలీ వానా చేసిన పని.

కప్పు మీది దేవదూతలు

తూర్పు ఆంగ్లియా ప్రాంతంలో ఎక్కువగా కనిపించేవి దేవదూతల కప్పులు. లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ హాలుకు 1390ల్లో హ్యూ హెర్లాండ్ అనే వడ్రంగి దేవదూతలతో వేసిన కప్పు ఈ ఒరవడికి నాంది. తర్వాత నార్‌ఫక్, సఫక్, కేంబ్రిడ్జ్‌షైర్ పల్లెల్లో వందకు పైగా పుట్టుకొచ్చాయి. చాలా ఊళ్లలో దూలాల చివర్లు దేవదూతల ఆకారంలో ముందుకు పొడుచుకొస్తాయి. బ్లైత్‌బరో పద్ధతి వేరు. కప్పు దాదాపు చదునుగా, మధ్యలో కొద్దిగా మాత్రమే ఉబికి ఉంటుంది. అడ్డ దూలాలు గోడ నుంచి గోడకు వేశారు. ఒక్కొక్క దూలం నట్టనడుమ ఒకరికొకరు వీపు ఆనించినట్టు ఇద్దరేసి దేవదూతలు, ఒకరు తూర్పుకూ ఒకరు పడమటికీ చూస్తూ, రెక్కలు బారచాపి ఉంటారు. చేతుల్లో వంశ చిహ్నాలున్న డాళ్లు. కప్పు వేయడానికి సొమ్మిచ్చిన కుటుంబాల గుర్తులు అలా ఎత్తుమీద నిలిచిపోయాయి. కిందినుంచి చదవడానికి మంచి కళ్లుండాలి.

వాసాలు, పలకలు అన్నిటికీ తెల్లటి పూత మీద ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో అచ్చుతో వేసిన పూలు, యేసు నామపు సంక్షిప్తాక్షరాలు ఉన్నాయి. ఆ రంగు మధ్యయుగానిది. ఇంగ్లండులో పాత రంగును గీకి కొత్తది పూసిన కప్పులు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ ఎవరూ పూయలేదు. కొన్ని చోట్ల వెలిసి, కొన్ని చోట్ల పెచ్చులూడి, దేవదూతల ముఖాల మీద గుర్తుపట్టలేనంత పల్చబడి ఉంది. బాగు చేస్తే ఎంత బావుండును అని చూసినవారిలో కొందరికి అనిపిస్తుంది కానీ, పూసి ఉంటే ఇప్పుడు మనం చూసేది 19వ శతాబ్దపు పెయింటరు ఊహ అయ్యేది.

ఈ దేవదూతలకు కన్నాలు ఉన్నాయి. 1644లో ప్యూరిటన్ సైనికులు వాటిమీదకు తుపాకులు పేల్చారని చాలాకాలం కథ నడిచింది. 1974లో మరమ్మతు చేస్తున్నప్పుడు కలపలో దొరికిన సీసపు గుళ్లు 18వ శతాబ్దపు రకానివని తేలింది. చర్చి బాగోగులు చూసే వార్డెన్ల జమాఖర్చుల్లో 1761లో జాక్‌డాలను కొట్టడానికి మందుగుండు కొన్న పద్దు ఉంది. జాక్‌డా అంటే కాకి జాతికి చెందిన చిన్న పిట్ట. గోపురాల్లో, కప్పుల్లో గూళ్లు పెడుతుంది. మతోన్మాదం ఖాతాలో వేసిన నేరం పక్షుల బెడద ఖాతాకు మారింది.

చెక్క పని, సామగ్రి

లోపలి సామగ్రిలో అన్నిటికంటే ఆకట్టుకునేవి నేవ్‌లోని బల్లలు. వాటి చివరి పలకల మీద, మామూలుగా చెక్కిన పువ్వు ఉండాల్సిన చోట, అడుగు ఎత్తు కూడా లేని మనుషుల బొమ్మలు కూర్చోబెట్టారు. ఒక వరస ప్రాణాంతక పాపాలు. పిసినారితనం డబ్బు పెట్టె మీద కూర్చుంది. తిండిపోతు రెండు చేతులతో పెద్ద బొజ్జ పట్టుకున్నాడు. తాగుబోతు బొండకొయ్యలో ఇరుక్కున్నాడు. చాడీకోరు నాలుక బయటపెట్టింది. అన్నిటిలోకీ బాగా కుదిరింది సోమరితనం. మంచంలో లేచి కూర్చున్న మనిషి, ఒంటిమీద దుప్పటి ఇంకా తీయలేదు, లేవాలా మళ్లీ పడుకోవాలా అని ఆలోచిస్తున్నట్టు. ఇంకొకడు చేతులు జోడించాడు గానీ కళ్లు తెరిచే ఉన్నాయి. వాడు వేషధారి. ఇంకో వరసలో పుణ్యకార్యాలు, ఋతువులను బట్టి చేసే పొలం పనులు చెక్కారు. ముక్కులు, చేతులు చాలా చోట్ల విరిగాయి. వందల ఏళ్లుగా దాటిపోయేవారి చేతులు తగిలి తలలు నున్నబడ్డాయి.

ఇవి పాదిరి చెప్పే నీతిని మరిచిపోకుండా ఉండడానికి చెక్కినవని తరచూ రాస్తారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఆ వడ్రంగి పుణ్యకార్యాల కంటే పాపాల మీదే ఎక్కువ మనసు పెట్టాడని చూడగానే తెలుస్తుంది. తెలిసిన మనుషులనే చెక్కి ఉంటాడని కూడా అనుమానం కలుగుతుంది.

చాన్సెల్‌లో పాటగాళ్లు, పాదిరులు కూర్చునే బల్లల ముందు పలకల మీద అపొస్తలులు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరి గుర్తు వారి చేతిలో ఉంది. ఈ పలకలు ఉత్తరం పక్కనున్న హాప్టన్ వారి చాపెల్‌లోవి. ఒకప్పుడు అక్కడ పిల్లలకు బడి నడిచింది. డెస్కుల మీద సిరాబుడ్డి గుంటలు, పిల్లలు కత్తితో గీసుకున్న పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. 1665 అని తేదీ వేసి ఒక డచ్చి పిల్లవాడు చెక్కుకున్న పేరు కూడా వాటిలో ఉంది. చాపెల్‌కూ చాన్సెల్‌కూ నడుమ 1478లో చనిపోయిన జాన్ హాప్టన్ సమాధి ఉంది. సఫక్, యార్క్‌షైర్‌లలో భూములున్న పెద్ద రైతుదొర ఆయన. ఊరి పక్కనే వెస్ట్‌వుడ్‌లో కాపురం. నల్లటి పర్‌బెక్ రాతి పలకలో ఒకప్పుడు ఇత్తడి రేకులు పొదిగి ఉండేవి. ఇప్పుడు వాటి గుంటలు మాత్రమే మిగిలాయి. చర్చి నేల మీద పాతిన రాళ్లలోనూ ఇలాంటి ఖాళీ గుంటలు చాలా కనిపిస్తాయి. ఇత్తడికి ధర ఉంది కనుక అది నిలవలేదు.

పడమటి చివర ఎనిమిది పలకల బాప్తిస్మపు తొట్టి ఉంది. చుట్టూ వెడల్పాటి మెట్లు. పలకల మీద ఇప్పుడు బొమ్మ ఒక్కటీ లేదు. చెక్కడమంతా తాపీగా ఉలితో చదును చేసేశారు. నార్‌ఫక్, సఫక్‌లలో ఏడు సంస్కారాలను ఒక్కో పలక మీద చూపే తొట్లు నలభై దాకా ఉన్నాయి. ఇదీ ఆ కోవదేనని పండితుల అభిప్రాయం. 16వ శతాబ్దపు మత సంస్కరణ తర్వాత ఇంగ్లండ్ సంఘం ఏడింటిలో బాప్తిస్మాన్నీ, ప్రభురాత్రి భోజనాన్నీ మాత్రమే సువార్తలో నియమించిన సంస్కారాలుగా నిలుపుకుంది. కనుక ఆ చిత్రాలకు చోటు లేకుండా పోయింది. తొట్టి మాత్రం ఉండాలి. పిల్లలకు బాప్తిస్మం ఆగలేదు కదా.

కానుకల పెట్టె 1473 నాటిది. ఓక్ చెక్కతో, జాలీ చెక్కడంతో చేశారు. వాక్యం చదివే చెక్క పీఠం కూడా 15వ శతాబ్దానిదే. ప్రసంగ వేదిక 17వ శతాబ్దానిది. అప్పటికి ఆరాధనలో ప్రసంగానికి ప్రాధాన్యం పెరిగింది. మధ్యయుగపు చెక్క తెర కింది భాగం, పైకి ఎక్కే రాతిమెట్లు మిగిలాయి. తెరమీది సిలువ బొమ్మను రాజు ఆరో ఎడ్వర్డ్ కాలంలో దేశమంతటా తీసేయించారు.

చూడకుండా రాకూడనిది ‘జాక్’. కవచం తొడుక్కున్న చెక్క బొమ్మ, చేతిలో గొడ్డలి, పక్కన గంట. 1682 నాటిది. తాడు లాగితే గొడ్డలి గంట మీద పడుతుంది, తల తిరుగుతుంది. మొదట గడియారానికి తగిలించి గంటలు కొట్టించేవారు. ఇప్పుడు ఆరాధన మొదలవుతుందని తెలపడానికి వాడతారు. సౌత్‌వోల్డ్ చర్చిలో ఉన్న జాక్ దీనికంటే రెండు శతాబ్దాలు పెద్దవాడు. ఇలాంటివి దేశంలో చాలా తక్కువగా మిగిలాయి.

పిడుగు, డౌసింగ్

1577 ఆగస్టు 4, ఆదివారం. ఆరాధన జరుగుతుండగా పెద్ద తుఫాను వచ్చింది. టవరు మీది సూది శిఖరం కూలి నేవ్ కప్పు మీద పడింది. లోపలున్నవారిలో కొందరు చనిపోయారు. పడమటి వైపు దేవదూతలు ఆ దెబ్బకే పోయారు. శిఖరాన్ని మళ్లీ కట్టలేదు. అదే రోజు కొద్ది మైళ్ల దూరంలోని బంగే చర్చి మీదా పిడుగు పడింది. ఏబ్రహామ్ ఫ్లెమింగ్ అనే లండన్ రచయిత ఆ ఏడే ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి, పిడుగు రూపంలో నల్లకుక్క ఒకటి చర్చిల్లోకి దూకి జనాన్ని చంపిందని రాశాడు. ఆ ప్రాంతంలో నడిచే ‘బ్లాక్ షక్’ అనే నల్లకుక్క కథ దానితో కలిసిపోయింది. ఉత్తరపు తలుపు మీది కాలిన మచ్చలను దయ్యపు వేళ్ల గుర్తులని చూపిస్తారు. 1933లో తలుపు శుభ్రం చేసినప్పుడు అవి బయటపడ్డాయి. కొవ్వొత్తి మంట చెక్కకు తగిలితే పడే మచ్చల్లాగే ఉంటాయి. ఇంగ్లండులో పాత తలుపుల మీద, దూలాల మీద అలాంటివి కోకొల్లలు. కుక్క గుర్తులు చూడడానికి మాత్రం జనం వస్తూనే ఉన్నారు. కానుకల పెట్టెకు అదీ మేలే.

విలియం డౌసింగ్ కథ వేరు. లాక్స్‌ఫీల్డ్ ఊరికి చెందిన రైతు. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1643లో పార్లమెంటు చేసిన శాసనం ప్రకారం చర్చిల్లోని విగ్రహాలను తొలగించే అధికారిగా నియమితుడయ్యాడు. కేంబ్రిడ్జ్‌షైర్, సఫక్‌లలో 250కి పైగా చర్చిలు తిరిగాడు. ప్రతి చోటా ఏం చేశాడో దినచర్య రాసుకున్నాడు. ఊరివారి దగ్గర 6 షిల్లింగుల 8 పెన్సుల రుసుము కూడా వసూలు చేశాడు. 1644 ఏప్రిల్ 9న బ్లైత్‌బరో వచ్చాడు. ఇరవై బొమ్మలు, కొన్ని సిలువలు, ఆత్మల కోసం ప్రార్థించమనే మూడు శాసనాలు ఆయన లెక్కలోకి వచ్చాయి. శాసనాలను తానే పగులగొట్టాడు. మరో రెండు వందల చిల్లర బొమ్మలను ఎనిమిది రోజుల్లో తీసేయమనీ, ఇరవై మంది దేవదూతలను దించమనీ ఆజ్ఞాపించాడు.

బొమ్మలు పోయాయి. దేవదూతలు దిగలేదు. ఆజ్ఞ ఇచ్చినవాడు గుర్రమెక్కి పక్క ఊరికి వెళ్లిపోయాడు. అంత ఎత్తున పరంజా కట్టి, దూలాలకు బిగించిన బొమ్మలను ఊడదీయడం ఎవరి ఖర్చు? వార్డెన్లకు బహుశా మనసూ రాలేదు, డబ్బూ లేదు. డౌసింగ్ దగ్గర వివరమైన దినచర్య ఉండడం వల్ల సఫక్ చర్చిల విధ్వంసమంతా ఆయన పద్దులోనే రాస్తుంటారు. నిజానికి చాలా బొమ్మలు అంతకు వందేళ్ల ముందు, ఎనిమిదో హెన్రీ, ఆరో ఎడ్వర్డ్ కాలాల్లోనే పోయాయి. మఠం కూడా 1537లోనే మూతపడింది. నిశ్శబ్దంగా పనిచేసినవారికంటే రాసుకున్నవాడికే చెడ్డపేరు మిగిలింది. స్తంభాలకు గుర్రాలను కట్టే ఇనుప కడియాల ఆనవాళ్లను కూడా పార్లమెంటు సైనికులకే అంటగడతారు.

శిథిలం, మరమ్మతు

నదిలో ఇసుక మేట వేసింది. ఓడలు పెద్దవయ్యాయి. రేవు చచ్చింది. దగ్గర్లోని డనిచ్ రేవును సముద్రమే మింగేసింది. కోవ్‌హైత్ వారు తమ పెద్ద చర్చిని పోషించలేక 1672లో దాని శిథిలాల మధ్య గడ్డి కప్పు వేసిన చిన్న చర్చి కట్టుకున్నారు. వాల్బర్స్‌విక్ వారు 1690ల్లో తమ దానిలో ఎక్కువ భాగం పడగొట్టి ఒక మూల మాత్రం ఉంచుకున్నారు. బ్లైత్‌బరో పడగొట్టలేదు, బాగు చేసుకోనూ లేదు. కిటికీలు పగిలితే ఇటుకలతో మూసేశారు. కప్పు కారింది. 19వ శతాబ్దంలో వాన పడితే లోపల గొడుగులు పట్టుకొని ఆరాధన చేసేవారు. 1881లో ప్రమాదకరంగా ఉందని నారిచ్ బిషప్పు మూయించాడు.

అప్పుడు మొదలైన తగువు పాతికేళ్లు సాగింది. ఒక పక్క ఊరి మరమ్మతు కమిటీ, వాస్తుశిల్పి ఆర్థర్ ఎడ్మండ్ స్ట్రీట్. రెండో పక్క 1877లో విలియం మారిస్ స్థాపించిన పురాతన కట్టడాల రక్షణ సంఘం. కమిటీకి చర్చి మళ్లీ కొత్తదిలా నిలబడాలి. సంఘానికి పాత రాయి పాతదిగానే ఉండాలి, కారే చోట అతుకు వేస్తే చాలు. ఊరివారి కోపం అర్థం చేసుకోదగ్గదే. గొడుగుల కింద కూర్చునేది వాళ్లు, ఉపదేశం ఇచ్చేది లండన్ పెద్దమనుషులు. అయినా చివరికి సంఘం వాదనే నెగ్గింది. వాదన బలం వల్ల కొంత, చందాలు చాలినంత రాకపోవడం వల్ల కొంత. అవసరమైనంత వరకే మరమ్మతు చేసి కొన్నేళ్లకు తిరిగి తెరిచారు. మూసేసిన కిటికీలు క్రమంగా తెరుచుకున్నాయి. నేల మీది పాత ఇటుకలు, రాళ్లు అలాగే ఉన్నాయి.

నేడు ఇది సెయింట్ ఎడ్మండ్స్‌బరీ, ఇప్స్‌విచ్ డయాసిస్ కిందికి వస్తుంది. చట్టరీత్యా మొదటి తరగతి రక్షిత కట్టడం. అలాగని ప్రభుత్వమేమీ దాన్ని నడపదు. ఇంగ్లండ్ సంఘంలో పారిష్ చర్చి మరమ్మతు భారం ఊరి పారిష్ మండలిదే. కొన్ని వందల మంది ఊరు, అంత పెద్ద కప్పు. చందాలు, సందర్శకుల కానుకలు, నిధుల సంస్థల సాయం, కచేరీల ఆదాయం కలిస్తేనే సీసం రేకులు మారతాయి. సంగీతకారుడు బెంజమిన్ బ్రిటన్ తదితరులు నెలకొల్పిన ఆల్డ్‌బరో ఉత్సవం 1950ల నుంచి ఇక్కడ కచేరీలు జరుపుతోంది. 1969 జూన్‌లో ఉత్సవం మొదలైన తొలిరాత్రే స్నేప్‌లోని కచేరీ హాలు కాలిపోయింది. మోజార్ట్ రాసిన ‘ఇడొమెనెయొ’ గేయనాటకం బ్రిటన్ నిర్వహణలో అక్కడ జరగవలసి ఉంది. కొద్ది రోజుల వ్యవధిలో వేదికను బ్లైత్‌బరో నేవ్‌లోకి మార్చి ప్రదర్శించారు.